నీళ్ళు లేని చోట ఇంజను

— తృతీయ బి.యస్సీ. (ఎం.పి.సి.) విద్యార్థి

సినిమా తెర మీద అంతరిక్ష నౌక కనిపిస్తే దాని పొడవు చూసి ముక్కున వేలేసుకునేవాళ్ళు చాలామంది. లోపలి దీపాలూ మీటలూ చూసి ముచ్చటపడేవాళ్ళు ఇంకా చాలామంది. "అది సరేగాని, దీని వేడి ఎటు పోతుంది?" అని అడిగేవాళ్ళు మాత్రం అరుదు. ఆ అరుదైన జాతిలో నేనొకణ్ణి. ఇలా అడిగినందుకు హాస్టల్ మిత్రులు నాకిచ్చిన బిరుదులు ఈ ప్రత్యేక సంచికలో అచ్చువేయదగినవి కావు. "సినిమాను సినిమాలాగా చూడప్పా, థర్మోడైనమిక్స్ పేపరు మాదిరి చూస్తే ఎట్లా?" అన్నది వాళ్ళ వాదం. ఆ రాత్రి వాళ్ళు నిద్రపోయారు గనక నా వాదం మిగిలిపోయింది. దాన్ని ఇక్కడ వినిపిస్తాను. నిద్ర వస్తే పేజీ తిప్పేసే స్వేచ్ఛ చదువరులకు ఎలాగూ ఉంది.

ముందు ఒక ప్రశ్న. కథల్లో దూరప్రయాణం చేసే నౌకలకు అణుశక్తే ఎందుకు పెడతారు? రచయితల మోజా? కొంత మోజే. కాని కారణం కూడా ఉంది. దూరం పోయేకొద్దీ వెలుగు ఆ దూరపు వర్గానికి విలోమంగా తగ్గుతుందని ఇంటర్‌లోనే చదువుకున్నాం. గురుగ్రహం దగ్గరికి వెళ్ళేసరికి మనకందే ఎండలో 27వ వంతు అందుతుంది. శనిగ్రహం దగ్గర సుమారు 90వ వంతు. ఒక చిన్న యంత్రానికి ఆ కాస్త ఎండ సరిపోవచ్చు. మనుషులు ఎక్కిన నౌకను తోయడానికి సరిపోదు.

అంతదూరం ఎందుకు, చంద్రుడి మీదే చూడండి. 2023 ఆగస్టు 23న దిగిన మన చంద్రయాన్-3 ల్యాండరు అక్కడి పగలంతా, అంటే మన లెక్కన రెండు వారాలు, చక్కగా పనిచేసింది. రాత్రి పడింది. నిద్రపుచ్చారు. మళ్ళీ లేవలేదు. అదే ప్రయోగంలో చంద్రుడి చుట్టూ తిరిగిన ప్రొపల్షన్ మాడ్యూలులో మాత్రం ఒక్కొక్క వాటు చొప్పున వేడినిచ్చే రెండు చిన్న అణు కుంపట్లను పరీక్షగా పెట్టి పంపారు. 1977లో బయలుదేరిన వాయేజర్ నౌకలు నలభై ఏళ్ళు దాటాక కూడా మనతో మాట్లాడాయంటే ప్లుటోనియం కుంపట్ల పుణ్యమే. అయితే కుంపటి వేరు, పొయ్యి వేరు. ప్లుటోనియం తనంతట తాను క్షీణిస్తూ వెచ్చగా ఉంటుంది. ఎగదోయడానికీ లేదు, తగ్గించడానికీ లేదు. వాయేజర్ బయలుదేరిన రోజున దాని మొత్తం విద్యుత్తు సుమారు 470 వాట్లు. మన ఇళ్ళలో చట్నీ రుబ్బే మిక్సీకి అంతకంటే ఎక్కువ కావాలి. మనుషుల్ని మోసే నౌకకు పొయ్యి కావాలి. అంటే రియాక్టరు కావాలి.

ఇక కథానౌకల్లో పెద్దముత్తయిదువ దగ్గరికి వద్దాం. 1968లో స్టాన్లీ కుబ్రిక్ తీసిన '2001: ఎ స్పేస్ ఒడిస్సీ' సినిమాలోని 'డిస్కవరీ' నౌక. ఆర్థర్ సి. క్లార్క్ ఆయనతో కలిసి కథ అల్లి, నవల కూడా రాశాడు. నవలలో ఆ నౌక శనిగ్రహానికి పోతుంది. సినిమాలో గురుగ్రహం దగ్గరే ఆగుతుంది. నౌకను గీయడానికి ఫ్రెడరిక్ ఆర్డ్‌వే, హ్యారీ లాంగే అనే ఇద్దర్ని పెట్టుకున్నారు. ఇద్దరూ అమెరికా అంతరిక్ష సంస్థలో పనిచేసి వచ్చినవాళ్ళే. చిత్రీకరణకు 54 అడుగుల పొడవున నమూనా కట్టారు. అంత శ్రద్ధ.

ఆ నౌక ఆకారం చూస్తే నాకు కావడి గుర్తొస్తుంది. ఒక కొసన గుండ్రటి గదిలో మనుషులు. రెండో కొసన రియాక్టరూ ఇంజనూ. మధ్యన పొడవాటి బద్ద. ఈ కావడి అందం కోసం కట్టింది కాదు. రియాక్టరు నడుస్తుంటే న్యూట్రాన్లూ గామా కిరణాలూ నాలుగు దిక్కులా చిమ్ముతాయి. భూమి మీద అయితే చుట్టూ మందపాటి కాంక్రీటు గోడ కడతాం. నౌకలో ఆ బరువు మోయలేం. కాబట్టి రెండు ఉపాయాలు. ఒకటి దూరం: పది మీటర్ల దూరంలో ఉండేవాణ్ణి వంద మీటర్లకు జరిపితే వాడికి తగిలే కిరణాలు నూరో వంతుకు తగ్గుతాయి. రెండోది నీడ: రియాక్టరు చుట్టూ గోడ అక్కరలేదు, మనుషులున్న వైపు మాత్రం ఒక దిమ్మె పెడితే చాలు. ఎండలో తాటిచెట్టు నీడ ఎంత సన్నగా ఉన్నా అందులో నిలబడ్డవాడికి ఎండ తగలదు కదా, అట్లా. భూమి మీద గాలి ఉంది కాబట్టి కిరణాలు చెదిరి పక్కనుంచి కూడా వస్తాయి. శూన్యంలో చెదరగొట్టడానికి ఏమీ లేదు. నీడ నిక్కమైన నీడ. కాకపోతే నౌకలో ఏ వస్తువూ ఆ నీడ దాటి పక్కకు పొడుచుకు రాకూడదు. వచ్చిందంటే దానికి తగిలిన కిరణాలు చెదిరి మనుషుల మీదికి మళ్ళుతాయి. అందుకే అణునౌక లావుగా ఉండదు, పొడవుగా ఉంటుంది. ఈ విషయంలో డిస్కవరీకి నూటికి తొంభై మార్కులు వేయొచ్చు.

మిగిలిన పది మార్కులు ఎక్కడ పోయాయంటే, వేడి దగ్గర.

* * *

అంతరిక్షం చల్లగా ఉంటుంది, అక్కడ వేడి సమస్యేమిటని మా రూములో ఒక మిత్రుడు వాదించాడు. మా క్యాంటీనులో టీ ఫ్లాస్కు చూపించాను. దాని రెండు గోడల మధ్య ఉన్నది శూన్యమే. శూన్యం ఉంది కాబట్టే టీ పొద్దున్నుంచి సాయంత్రం దాకా వేడిగా ఉంటుంది (రుచి సంగతి వేరు). నౌక అంటే శూన్యం మధ్యలో పెట్టిన పెద్ద ఫ్లాస్కు. గాలి లేదు, నీళ్ళు లేవు. వేడి బయటికి పోవాలంటే ఒకే ఒక దారి, కాంతిలాగా వికిరణమై పోవడం.

ఈ సంగతి నేను పుస్తకంలో చదవకముందే మా నాయన నోట విన్నాను. మా అబ్బ కాలంలో మా బావి గట్టున ఆయిల్ ఇంజను ఉండేది. ఇప్పుడది కొట్టంలో తుప్పుపట్టి, కోళ్ళకు నిద్రపోయే చోటుగా ఉపయోగపడుతోంది. అది ఆడేటప్పుడు పంపు ఎత్తిపోసే నీళ్ళలోంచి ఒక సన్న గొట్టం చీల్చి ఇంజను ఒంటి చుట్టూ తిప్పేవాళ్ళు. వేడెక్కిన ఆ నీళ్ళు మళ్ళీ కాలవలోనే కలిసి చేలోకి పోయేవి. ఇంజను చల్లబడేది, నీళ్ళూ వృథా కావు. నేను సెలవుల్లో ఇంటికి పోయి అణునౌక గురించి చెబుతుంటే మా నాయన విని ఒకటే మాట అన్నాడు: "నీళ్ళు లేని చోట ఇంజను ఎట్ల ఆడతాదిరా? అర్ధగంటలో పట్టుకపోదా?" ఆయన ఏడో తరగతి దాకా చదివాడు. ఆ ప్రశ్న కుబ్రిక్ సినిమా చూసినవాళ్ళలో ఎంతమంది అడిగి ఉంటారో నాకు తెలియదు.

లెక్క వేద్దాం. మన నౌకకు 10 మెగావాట్ల విద్యుత్తు కావాలనుకోండి. అంటే మా ఊళ్ళో వాడే 5 హెచ్.పి. మోటార్లు సుమారు 2,680. రియాక్టరు సామర్థ్యం 25 శాతం అనుకుంటే అది 40 మెగావాట్ల వేడి పుట్టించాలి. 10 పనికి పోగా 30 మెగావాట్లు బయటికి పారేయాలి. స్టెఫాన్ నియమం ప్రకారం వికిరణం ఉష్ణోగ్రతకు నాలుగో ఘాతంలో పెరుగుతుంది. ఈ నియమాన్ని మనమందరం పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాం. ఇప్పుడు దాన్ని ఎకరాల్లోకి మార్చి చూడండి.

రేడియేటరు మన గది ఉష్ణోగ్రతలో, అంటే 300 కెల్విన్ల వద్ద ఉంటే చదరపు మీటరుకు 459 వాట్లు మాత్రమే పోతాయి. 30 మెగావాట్లు పోవాలంటే సుమారు 65,000 చదరపు మీటర్లు కావాలి. అంటే పదహారెకరాలు. మా కుటుంబంలో నాలుగు తరాలుగా ఎవరికీ అంత భూమి లేదు. 600 కెల్విన్లకు పెంచితే సుమారు 4,080 చదరపు మీటర్లు, అంటే ఒక ఎకరం. 1000 కెల్విన్లకు పెంచి ఎర్రగా కాలిస్తే సుమారు 530 చదరపు మీటర్లు, అంటే పదమూడు సెంట్లు. రేకుకు రెండు వైపులా వికిరణం అవుతుంది కాబట్టి విస్తీర్ణం సగానికి తగ్గించుకోవచ్చు. ఎంత తగ్గించుకున్నా, నౌకలో కంటికి కొట్టొచ్చినట్టు కనపడవలసిన భాగం ఇదే. ఇంజను కాదు, మనుషుల గది కాదు, ఎర్రగా మెరిసే ఆ రేకులు.

ఇంకో తమాషా ఉంది. రేడియేటరును వేడి చేసేకొద్దీ చిన్నదవుతుంది నిజమే, కాని వేడిగా పారేసేకొద్దీ ఇంజను సామర్థ్యం పడిపోతుంది, పారేయవలసిన వేడి పెరుగుతుంది. ఎక్కడ ఆగాలి? కార్నో సూత్రం రాసి, కలనగణితంలో గరిష్ఠం కనుక్కునే పద్ధతి వాడితే సమాధానం రెండు వరుసల్లో తేలుతుంది: రేడియేటరు ఉష్ణోగ్రత రియాక్టరు ఉష్ణోగ్రతలో ముప్పాతిక వంతు ఉండాలి. అప్పుడు ఆదర్శ యంత్రం సామర్థ్యం సరిగ్గా 25 శాతం. భూమి మీద అయితే ఇంత దుబారా యంత్రాన్ని ఎవరూ కొనరు. శూన్యంలో మాత్రం నాలుగింట మూడు వంతుల వేడిని పారేయడానికి ఒప్పుకుంటేనే నౌక చిన్నదవుతుంది. చోటు మారితే పొదుపు అనే మాటకు అర్థం కూడా మారుతుందన్నమాట.

క్లార్క్‌కు ఇదంతా తెలుసు. నవలలో డిస్కవరీకి వేడిని పారేసే రెక్కలున్నాయి; వాటిని ఆయన తూనీగ రెక్కలతో పోల్చాడు కూడా. సినిమాకు వచ్చేసరికి వాటిని తీసేశారు. కారణం చూడండి: ప్రేక్షకులు వాటిని విమానం రెక్కలనుకుంటారు, గాలి లేని చోట రెక్కలెందుకని నవ్వుతారు అని భయపడ్డారు. ఆ సంగతి చదివినప్పుడు నేను కాసేపు పుస్తకం మూసేశాను. సరిగా గీసిన బొమ్మను చెరిపేసింది డబ్బు లేకపోవడం కాదు, తెలివి లేకపోవడమూ కాదు. చూసేవాళ్ళకు తెలియదన్న అనుమానం. 2009లో వచ్చిన 'అవతార్' సినిమాలో నౌక చూడండి, పెద్ద రేడియేటర్లు ఎర్రగా మెరుస్తూ కనిపిస్తాయి. మొదటి నాలుగైదు నిమిషాల్లోనే వచ్చిపోతాయి. హాల్లో ఎవరూ నవ్వలేదు. నలభై ఏళ్ళలో నౌకలు కట్టలేకపోయాం గాని ప్రేక్షకులు కొంత ఎదిగారు.

* * *

రేడియేటరు గొడవ లేకుండా అణుశక్తిని వాడే దారి లేదా? ఉంది. అది మా అబ్బ ఇంజను దారే. రియాక్టరు మధ్యలోంచి ద్రవ హైడ్రోజన్‌ను పంపిస్తే అది కాలి వాయువై వెనక్కి చిమ్ముతుంది, నౌకను ముందుకు తోస్తుంది. వేడి దానితోనే పోతుంది. చల్లబరిచిన నీళ్ళే చేను తడిపినట్టు, చల్లబరిచిన హైడ్రోజనే నౌకను తోస్తుంది. ఇది కథ కాదు. అమెరికావాళ్ళు 1955లో రోవర్ అనే పేరుతో మొదలుపెట్టి, నెర్వా అనే ఇంజను దాకా వచ్చారు. నెవాడా ఎడారిలో నేలమీద నిజంగా నడిపించారు. 1968లో ఫీబస్-2ఎ అనే రియాక్టరు 4,000 మెగావాట్లు దాటింది. హైడ్రోజన్-ఆక్సిజన్ రాకెట్టుకు విశిష్ట ప్రచోదనం సుమారు 450 సెకన్లయితే దీనికి 800 పైచిలుకు. ఉష్ణోగ్రత తక్కువైనా ఎందుకు ఎక్కువ? బయటికి చిమ్మే అణువు తేలిక కాబట్టి. నీటి ఆవిరి అణుభారం 18, హైడ్రోజన్‌ది 2. బరువైన గింజకంటే పొట్టు ఎక్కువ వేగంగా ఎగురుతుంది. 1973లో డబ్బు ఆపేశారు. ఇంజను పాడై కాదు, ప్రయాణం రద్దయి.

దీనికీ ఒక తకరారు ఉంది. రియాక్టరును ఆపేసినా అది వెంటనే చల్లబడదు. ఆపిన క్షణంలో కూడా పూర్తి శక్తిలో ఆరేడు శాతం వేడి పుడుతూనే ఉంటుంది, మెల్లగా తగ్గుతుంది. పొయ్యి ఆర్పినా నివురు కింద నిప్పున్నట్టు. కథల్లో కెప్టెను "ఇంజన్లు ఆపండి" అనగానే అన్నీ ఆరిపోతాయి. నిజం నౌకలో ఆ తరువాత కూడా చాలాసేపు హైడ్రోజన్ పోస్తూ కూర్చోవాలి.

మూడో దారి విద్యుత్తు. రియాక్టరు విద్యుత్తు ఇస్తుంది, ఆ విద్యుత్తు అయాన్లను తరిమి వెనక్కి చిమ్ముతుంది. ఇందాకటి 10 మెగావాట్లు తీసుకుందాం. చిమ్మే వేగం సెకనుకు 50 కిలోమీటర్లు, యంత్రం సామర్థ్యం 70 శాతం అనుకుందాం. వచ్చే తోపుడు 280 న్యూటన్లు. అంటే సుమారు 28 కిలోల బరువంత. 2,680 మోటార్ల శక్తి పెట్టి యూరియా బస్తాలో ముప్పాతిక వంతు కూడా ఎత్తలేని తోపుడు! నవ్వకండి. 200 టన్నుల నౌకను అది రోజుకు సెకనుకు 120 మీటర్ల చొప్పున వేగం పెంచుతుంది. వంద రోజులు విడవకుండా తోస్తే సెకనుకు 12 కిలోమీటర్లు. ఎద్దు నడకే, కాని ఆగని నడక.

ఇక్కడే అసలు విషయం ఉంది. తోపుడు, చిమ్మే వేగం — ఈ రెంటినీ గుణించి సగం చేస్తే శక్తి. శక్తి ఇంతే అని తేలాక తోపుడు పెంచితే వేగం తగ్గాలి, వేగం పెంచితే తోపుడు తగ్గాలి. రెండూ కావాలంటే శక్తి ఎక్కడినుంచో రావాలి. ఈ సూత్రం నాకు నౌక నేర్పలేదు. మా బోరు నేర్పింది.

నేను ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉండగా మా బోరులో నీళ్ళు కిందికి దిగిపోయాయి. మా నాయన అప్పు చేసి టౌనులో ఒక అంగడిలో కొత్త మోటారు కొన్నాడు. 5 హెచ్.పి. డబ్బా మీద రెండు అంకెలు పెద్దక్షరాలతో ఉన్నాయి. ఎత్తు 500 అడుగులు. నీళ్ళు గంటకు 10,000 లీటర్లు. "ఐదునూర్ల అడుగుల నుంచి గంటకు పదివేల లీటర్లు తెస్తుంది పెద్దాయనా" అన్నాడు అంగడివాడు. మా నీళ్ళు 470 అడుగుల్లో ఉన్నాయి. మోటారు దించారు. స్విచ్చి వేస్తే బొటనవేలంత ధార వచ్చింది. శెనక్కాయ పైరు ఊడలు దిగే వేళ. ఆ ధార ఒక మడి తడిపేలోగా పక్క మడి ఎండింది. మూడెకరాల పంటలో ఆ ఏడు మాకు మిగిలింది పశువులకు కట్టె మాత్రమే. అంగడివాడు మోటారు వాపసు తీసుకోలేదు. డబ్బా మీద అంకెలు చూపించి, అబద్ధం ఎక్కడుందో చెప్పమన్నాడు.

అబద్ధం ఎక్కడా లేదు. రెండు అంకెలూ నిజమే. 500 అడుగులు అన్నది నీళ్ళు బయటికి రాకుండా గొట్టంలో నిలబడగలిగే ఎత్తు. 10,000 లీటర్లు అన్నది ఎత్తే లేనప్పుడు వచ్చే నీళ్ళు. ఒక్కొక్కటీ విడివిడిగా నిజం. రెండూ కలిసి ఏనాడూ నిజం కావు. 500 అడుగుల నుంచి గంటకు 10,000 లీటర్లు తేవాలంటే ఒక్క చుక్క శక్తి వృథా కాకపోయినా 4.1 కిలోవాట్లు కావాలి. 5 హెచ్.పి. మోటారు ఇచ్చేది 3.7. ఐదో తరగతి గుణకారం. దాన్ని ఆ అంగట్లో ఎవరూ చేయలేదు, చేయమని ఎవరూ అడగలేదు.

ఇప్పుడు కథల్లోని నౌకల్ని చూడండి. చాలా వాటి డబ్బా మీద ఇలాంటి రెండు అంకెలే ఉంటాయి. నేల మీద నుంచి విమానంలా లేస్తుంది. నాలుగు రోజుల్లో గురుగ్రహం చేరుతుంది. ఇంధనం తొట్లు కనపడవు. లెక్క వేస్తే: 200 టన్నుల నౌక భూమి ఆకర్షణకు సమానమైన తోపుడుతో, సెకనుకు 50 కిలోమీటర్ల వేగంతో చిమ్మాలంటే 50,000 మెగావాట్లు కావాలి. 2024లో మన దేశంలోని అణువిద్యుత్ కేంద్రాలన్నిటి స్థాపిత శక్తి కలిపి 8,180 మెగావాట్లు. అటువంటివి ఆరింతలు ఆ నౌక తోకలో ఉండాలి. అందులో నూటికి ఒక్క వంతు వేడి నౌకలో మిగిలినా, 1000 కెల్విన్ల రేడియేటరు రెండెకరాల పైచిలుకు కావాలి. తెర మీద ఆ రెండెకరాలు ఎక్కడా లేవు.

తోపుడూ వేగమూ రెండూ నిజంగా ఇవ్వగల ఉపాయం ఒకటి కాగితం మీద ఉండేది. దాని పేరు ఓరియన్. 1958లో టెడ్ టేలర్, ఫ్రీమన్ డైసన్ వంటివాళ్ళు మొదలుపెట్టారు. నౌక వెనక చిన్న చిన్న అణుబాంబులు ఒకదాని తరువాత ఒకటి పేల్చి, ఆ దెబ్బలు ఒక దళసరి ఉక్కు పళ్ళెం మీద పడేటట్టు చేసి, పళ్ళానికీ నౌకకూ మధ్య పెద్ద స్ప్రింగుల్లాంటివి పెట్టి తోసుకుపోవడం. 1959లో మామూలు మందుగుండుతో చిన్న నమూనా ఎగిరింది కూడా. ఇది ఎలా కుదిరింది? మంట నౌక బయట కాబట్టి. పళ్ళానికి వేడి తగిలేది క్షణంలో వెయ్యో వంతు మాత్రమే. వేడిని లోపల పుట్టించి బయటికి పారేసే బాధ లేదు. డిస్కవరీకి మొదట్లో ఈ పద్ధతిని కూడా ఆలోచించి మానుకున్నారు. 1963లో వాతావరణంలోనూ అంతరిక్షంలోనూ అణుపరీక్షలు నిషేధించే ఒప్పందం వచ్చింది. 1965లో ఓరియన్ ఆగిపోయింది. కుదరక కాదు. ఆకాశంలో బాంబులు పేల్చుకుంటూ పోయే వాహనం కింద మనుషులు బతకాలి కాబట్టి. ఒక యంత్రం పనిచేస్తుందా అనే ప్రశ్న తరువాత ఎవరి నెత్తిన పనిచేస్తుంది అనే ప్రశ్న ఒకటుంది. అది ఏ పాఠ్యపుస్తకంలోనూ అభ్యాసంగా ఇవ్వరు.

నిజంగా ఆకాశంలో నడిచిన రియాక్టర్ల కథ కూడా క్లుప్తంగా చెప్పాలి. అమెరికావాళ్ళు 1965 ఏప్రిల్‌లో స్నాప్-10ఎ అనేదాన్ని పంపారు. 500 వాట్ల పైచిలుకు ఇచ్చింది. 43 రోజులకు ఆగిపోయింది. రియాక్టరుకు ఏమీ కాలేదు, ఉపగ్రహంలోని వోల్టేజి రెగ్యులేటరు పాడయింది. మోటారు బంగారంలా ఉంది, స్టార్టరు కాలిపోయింది అన్నమాట. ఈ బాధ రైతులకు కొత్తగా చెప్పనక్కరలేదు. సోవియట్ యూనియన్ ఇలాంటివి చాలా పంపింది. వాటిలో కాస్మాస్-954 అనేది 1978 జనవరిలో కెనడా ఉత్తర ప్రాంతం మీద కూలి, రేడియోధార్మిక ముక్కలు మంచు మీద చల్లింది. అందుకే రియాక్టరును భద్రమైన ఎత్తుకు చేరాకే రాజేయాలన్నది ఇప్పటి పద్ధతి. రాజేయని యురేనియంలో రేడియోధార్మికత చాలా స్వల్పం. 2018లో నెవాడాలో కిలోపవర్ అనే చిన్న రియాక్టరును నేలమీద పూర్తి శక్తితో 28 గంటలు పరీక్షించారు. దాని లక్ష్యం కిలోవాటు ప్రమాణంలో విద్యుత్తు. డిస్కవరీకి కావలసింది మెగావాట్లలో. కథకూ నిజానికీ మధ్య దూరం అంత.

* * *

"కథల్ని ఇలా తూకం వేస్తే రసం పోదా?" అని అడగవచ్చు. నాకు పోలేదు. ఎర్రగా మెరిసే ఎకరం వెడల్పు రెక్కలతో, నివురు కప్పిన నిప్పును కొసన కట్టుకుని, తాటిచెట్టు నీడలో మనుషుల్ని దాచుకుని, ఎద్దు నడకతో శనిగ్రహానికి పోయే కావడి — ఇది నాకు ఏ సినిమా నౌకకంటే అందంగానే కనిపిస్తుంది. ఊహకు లెక్క శత్రువు కాదు. సరైన లెక్క ఊహకు కొత్త బొమ్మలు ఇస్తుంది.

మన చదువులో కొరత కూడా ఇక్కడే ఉందని నా అభిప్రాయం. అధ్యాపకులు పెద్దమనసుతో తీసుకోవాలి. స్టెఫాన్ నియమం ఉత్పాదన రాస్తాం, స్థిరాంకం విలువ దశాంశాలతో సహా అప్పజెప్తాం. దానితో ఏదైనా ఒక వస్తువు ఎంత పెద్దది కావాలో కట్టిచూపమని ఏ ప్రశ్నపత్రమూ అడగదు. అడగని ప్రశ్నలకు మనం ఎలాగూ జవాబు వెతకం. డిగ్రీ పుచ్చుకుని బయటికి పోయాక అంగళ్ళలో, ఆఫీసుల్లో, వేదికల మీద డబ్బాల పైన పెద్దక్షరాల అంకెలు చూపించేవాళ్ళే ఎదురవుతారు.

ఈ సంవత్సరంతో నా చదువు ఇక్కడ అయిపోతుంది. ఎం.యస్సీ. ప్రవేశపరీక్ష రాస్తున్నాను. సీటొస్తే ఫిజిక్స్. రాకపోతే మా నాలుగెకరాలూ, తీరవలసిన అప్పూ ఉండనే ఉన్నాయి. మా నాయన ఏదీ బలవంతపెట్టలేదు. "చదువుకుంటే లెక్కన్నా వస్తాది" అన్నాడు అంతే.

మొన్న ఎండాకాలం సెలవుల్లో మా పెదనాయన మోటారు కొనబోతూ నన్ను తోడు రమ్మన్నాడు. అంగట్లో డబ్బా పక్కన పెట్టించి, ఎన్ని అడుగులకు ఎన్ని లీటర్లో వరసగా ఇచ్చే పట్టిక అడిగాం. మొదట లేదన్నారు. తరువాత బీరువాలోంచి తీశారు. మా పెదనాయన బోరు లోతుకు ఎదురుగా ఉన్న అంకె చూసి, ముందు ఎంచుకున్నది వదిలేసి వేరేది తీసుకున్నాం. ఇప్పుడది పట్టికలో చెప్పినన్ని నీళ్ళు పోస్తోంది. ఆ తరువాత మా వీధిలో ఇంకో ఇద్దరు వాళ్ళ బోరు లోతులు కాగితం మీద రాసుకుని మా ఇంటికి వచ్చారు.

జూనియర్ మిత్రులకు ఒక మనవి. మన సైన్సు అసోసియేషన్ గదిలో నెలకొక సాయంత్రం ఒక యంత్రాన్ని బల్ల మీద పెట్టండి. సినిమాలోదైనా సరే, అంగట్లోదైనా సరే. దాని వేడి ఎటు పోతుంది, దాని రెండు పెద్ద అంకెలూ ఒకేసారి నిజమేనా అని లెక్క వేయండి. బిరుదులు తప్పవు. నాకొచ్చినవాటిలో పనికొచ్చేవి ఏవైనా ఉంటే మీకు ఇచ్చి పోతాను.